విద్యారుణ బకాయి – దివ్యాంగుల పింఛను: విశాఖపట్నం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉన్నత విద్యకోసం బ్యాంకు నుంచి రుణం తీసుకొన్న దివ్యాంగ విద్యార్థి, చదువు ముగిసి ఉద్యోగం దొరకని స్థితిలో వాయిదాలు చెల్లించలేకపోతే అతని పింఛను ఏమవుతుంది? పిల్లల విద్యారుణంలో తండ్రి సహరుణగ్రహీతగా సంతకం చేసి, తరువాత ప్రమాదంలో అంగవైకల్యానికి గురైతే అతనికి వచ్చే సొమ్ము ఏమవుతుంది? ఓడరేవు, ఉక్కు కర్మాగారం కలిగిన విశాఖపట్నంలో ఈ రెండు ప్రశ్నలూ ఊహకు మాత్రమే సంబంధించినవి కావు. దివ్యాంగుల పింఛనుకు న్యాయస్థానాల జప్తు నుంచి ఉన్న రక్షణను, బ్యాంకు తన పుస్తకాల్లోనే చేసుకొనే సర్దుబాటు నుంచి లేని రక్షణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రస్తుతం ఈ పింఛనును కాపాడుతున్నది చట్టంలోని అక్షరం కన్నా, ఇంటి వద్ద నగదుగా అందించే పద్ధతేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యారుణం, దివ్యాంగుల పింఛను, జప్తు, సర్దుబాటు హక్కు, సహరుణగ్రహీత, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

విద్యారుణం, సామాజిక పింఛను అనేవి సాధారణంగా వేర్వేరు అధ్యయన రంగాలకు చెందిన విషయాలు. మొదటిది బ్యాంకింగు పరిశోధకుల పరిధిలోనిది. రెండవది సంక్షేమ పాలనను అధ్యయనం చేసేవారి పరిధిలోనిది. కాని ఒక కుటుంబంలో ఈ రెండూ ఒకే పాసుపుస్తకంలో కలుస్తాయి. జమ వరుసలో పింఛను, ఖర్చు వరుసలో రుణ వాయిదా కనిపిస్తాయి. ఆ రెండు వరుసల మధ్య సంబంధాన్ని ఏ చట్టం నియంత్రిస్తున్నదన్నదే ఈ వ్యాసంలోని మూలప్రశ్న.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం కల్పించింది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ఇందులోని 13వ సెక్షను ఆర్థిక వ్యవహారాలను స్వయంగా నిర్వహించుకొనే హక్కును, బ్యాంకు రుణాలు పొందే హక్కును ఇతరులతో సమానంగా గుర్తించింది. 24వ సెక్షను సామాజిక భద్రతను ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. 32వ సెక్షను ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు శాతానికి తక్కువ కాకుండా సీట్లు కేటాయించాలన్నది. అంటే చదువుకొనే హక్కు, అప్పు పొందే హక్కు, భృతి పొందే హక్కు ఒకే చట్టంలో ఉన్నాయి. అప్పు పొందే హక్కును వినియోగించుకొన్నందువల్ల భృతి పొందే హక్కు బలహీనపడితే ఏమి చేయాలన్నది మాత్రం ఆ చట్టంలో లేదు.

2. పింఛను స్వరూపం

కేంద్రప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం 2009లో అందులో చేరింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం, అంతకుమించిన వైకల్యం ఉన్నవారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు రూ.300 మాత్రమే. మిగిలిన భారాన్ని రాష్ట్రాలు తమ శక్తిమేరకు భరిస్తున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పథకం కింద 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను రూ.3,000 నుంచి రూ.6,000కు పెరిగింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తున్నారు. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్లు సదరం ధ్రువపత్రం ఉండాలి. వైకల్యంతోపాటు కుటుంబ ఆర్థికస్థితిని కూడా లెక్కిస్తారు. 2019 డిసెంబరు నాటి ఉత్తర్వులు నిర్దేశించిన ఆరు అంచెల పరిశీలనలో నగరాల్లోని కుటుంబానికి నెలసరి ఆదాయం రూ.12,000 మించరాదన్నది ఒక నిబంధన. భూమి, నాలుగు చక్రాల వాహనం, విద్యుత్ వినియోగం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను చెల్లింపు వంటివి తక్కిన ప్రమాణాలు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ పరిశీలనలో కుటుంబానికి ఎంత వస్తున్నదన్న ప్రశ్నే ఉంది, ఎంత పోతున్నదన్న ప్రశ్న లేదు. రుణంగా వచ్చిన సొమ్ము ఆదాయం కాదు కనుక విద్యారుణం తీసుకొన్నంత మాత్రాన పింఛను అర్హత పోదు. అదేవిధంగా, నెలనెలా చెల్లించే వాయిదాను ఆదాయం నుంచి తీసివేసి లెక్కించే అవకాశమూ లేదు.

3. విద్యారుణం స్వరూపం

భారత బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకం 2001 నుంచి బ్యాంకులకు మార్గదర్శకంగా ఉంది. దీని ప్రకారం రూ.4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. కాని తల్లి లేదా తండ్రి సహరుణగ్రహీతగా సంతకం చేయాలి. చదువుకాలం, ఆపైన ఒక సంవత్సరం మారటోరియం ఉంటుంది. ఆ తరువాత 15 సంవత్సరాల వరకు వాయిదాల గడువు ఇవ్వవచ్చు. ఉద్యోగం లేని కాలంలో వాయిదాలకు మళ్లీ విరామం ఇచ్చే వీలును కూడా నమూనా పథకం కల్పించింది. అయితే అది రుణగ్రహీత అడిగి పొందవలసినదే తప్ప దానంతటదే వర్తించదు.

2009–10 నుంచి కేంద్రం అమలుచేస్తున్న వడ్డీ రాయితీ పథకం కింద, కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షల లోపు ఉంటే, వృత్తి, సాంకేతిక కోర్సులు చదివేవారికి మారటోరియం కాలపు వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. పింఛను నిబంధన ప్రకారం నగర కుటుంబం వార్షికాదాయ పరిమితి రూ.1.44 లక్షలు. కాబట్టి పింఛను అందుకొనే కుటుంబపు విద్యార్థి ఆదాయం రీత్యా ఈ రాయితీకి తప్పక అర్హుడు. దీనికి భిన్నంగా, ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈ సెక్షను కింద విద్యారుణ వడ్డీకి ఇచ్చే మినహాయింపు ఈ కుటుంబాలకు ఏమాత్రం ఉపయోగపడదు. పన్ను చెల్లించేవారికి పింఛనే ఉండదు గదా.

మారటోరియం ముగిసిన తరువాతి స్థితిని ఒక ఊహాత్మక లెక్కతో పరిశీలిద్దాం. గాజువాక ప్రాంతానికి చెందిన ఒక దివ్యాంగ యువతి రూ.4 లక్షల రుణంతో ఇంజనీరింగు పూర్తిచేసిందనుకొందాం. వడ్డీ 10 శాతం, గడువు పదేళ్లు అయితే నెలసరి వాయిదా సుమారు రూ.5,286. గడువు పదిహేనేళ్లయితే సుమారు రూ.4,298. ఉద్యోగం రాకపోతే ఆమెకు ఉన్న ఆధారం రూ.6,000 పింఛను. మొదటి లెక్కన వాయిదా చెల్లిస్తే మిగిలేది రూ.714. ఇంట్లో వేరే ఆదాయం లేకుండా ఆమెకు రూ.14,000 జీతంతో ఉద్యోగం వచ్చిందనుకొందాం. ఆదాయ పరిమితి దాటినందువల్ల పింఛను ఆగుతుంది. వాయిదా పోను చేతికి మిగిలేది రూ.8,714. వాయిదా కట్టకుండా పింఛనుతోనే ఉన్న స్థితితో పోలిస్తే పెరిగినది రూ.2,714 మాత్రమే. రోజూ ఉద్యోగానికి వెళ్లిరావడానికి ఆటోను ఆశ్రయించక తప్పని వ్యక్తికి ఈ మొత్తం రవాణా ఖర్చుకైనా చాలుతుందా అన్నది సందేహమే. విద్యారుణం పింఛనుపై చూపే మొదటి ప్రభావం ఇదే. అది పింఛనును నేరుగా తాకదు. పింఛను నుంచి ఉద్యోగానికి సాగే దారిని ఇరుకు చేస్తుంది.

4. న్యాయస్థానాల జప్తు నుంచి రక్షణ

వాయిదాలు ఆగిపోయి, బ్యాంకు సివిల్ కోర్టులో డిక్రీ పొందిందనుకొందాం. ఆ డిక్రీ అమలులో పింఛనును జప్తు చేయవచ్చునా? దీనికి సమాధానం 150 సంవత్సరాలకు పైబడిన ఒక చట్టంలో ఉంది. పింఛనుల చట్టం, 1871లోని 11వ సెక్షను, రాజకీయ కారణాల వల్లగాని, గతంలో చేసిన సేవలకుగాని, ప్రస్తుత అశక్తతను బట్టిగాని, కారుణ్య భృతిగాగాని ప్రభుత్వం మంజూరు చేసిన పింఛనును రుణదాత కోరికపై న్యాయస్థాన ప్రక్రియ ద్వారా జప్తు చేయరాదని నిర్దేశిస్తుంది. ముందుముందు రాబోయే పింఛనును ఇతరులకు రాసి ఇచ్చే ఒప్పందాలు చెల్లవని 12వ సెక్షను చెబుతుంది.

ఈ చట్టం చేసిన కాలానికి నేటి సంక్షేమ పింఛన్లు లేవు. అయినప్పటికీ ‘అశక్తత’, ‘కారుణ్య భృతి’ అనే భావనలు దివ్యాంగుల పింఛనుకు సహజంగా వర్తిస్తాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షనులోని (1)(జి) నిబంధన ప్రధానంగా ఉద్యోగ విరమణ పింఛన్లను ఉద్దేశించినది. కనుక సామాజిక పింఛనుకు 1871 చట్టమే దగ్గరి ఆధారం.

కార్మికుల విషయంలో శాసన పదజాలం ఇంకా స్పష్టంగా ఉంది. విశాఖలో 1933లో ఓడరేవు ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. వీటి చుట్టూ పెరిగిన ఒప్పంద కార్మిక వ్యవస్థలో పనిచోట గాయపడి వైకల్యం పొందినవారికి కార్మిక రాజ్యబీమా, నష్టపరిహార చట్టాలే ఆధారమయ్యాయి. కార్మిక రాజ్యబీమా చట్టం, 1948లోని 60వ సెక్షను ప్రకారం నగదు ప్రయోజనాన్ని ఇతరులకు బదలాయించడానికి వీలులేదు, కోర్టు డిక్రీ కింద జప్తు చేయడానికీ వీలులేదు. దానికన్నా పాతదైన 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 9వ సెక్షనులో మరో అడుగు ముందుకు వేసింది. పరిహారాన్ని జప్తు చేయరాదు, బదలాయించరాదు అనడంతో ఆగక, దానిపై ఏ బాకీనీ సర్దుబాటు చేసుకోరాదని కూడా చెప్పింది. ఈ కార్మిక చట్టాలు సామాజిక భద్రతా స్మృతి, 2020లో విలీనమయ్యాయి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ‘సర్దుబాటు’ను జప్తు నుంచి వేరుచేసి, దానిని ప్రత్యేకంగా నిషేధించవలసిన అవసరాన్ని శాసనకర్తలు 1923లోనే గుర్తించారన్నది ఇక్కడ ముఖ్యమైన విషయం.

5. సర్దుబాటు: చట్టంలోని ఖాళీ

జప్తుకు కోర్టు కావాలి. సర్దుబాటుకు కోర్టు అక్కరలేదు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 171వ సెక్షను బ్యాంకులకు సాధారణ ధారణ హక్కును ఇచ్చింది. సిండికేట్ బ్యాంకు వర్సెస్ విజయకుమార్ కేసులో (1992) సుప్రీంకోర్టు ఈ హక్కును గుర్తించింది. దీనికితోడు రుణపత్రాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. దాని ప్రకారం రుణగ్రహీతకు అదే బ్యాంకులో ఉన్న ఖాతాలలోని సొమ్మును బకాయికి జమకట్టుకోవచ్చు. బకాయి చెల్లింపు గడువు దాటి ఉండాలి, రెండు ఖాతాలూ ఒకే వ్యక్తివై ఉండాలి అన్నవి ఈ హక్కుకు ఉన్న ప్రధాన పరిమితులు. కాబట్టి మారటోరియం కాలంలో సర్దుబాటు ప్రశ్నే రాదు. అది ముగిసి వాయిదాలు తప్పిన తరువాతనే వస్తుంది.

1871 చట్టం నిషేధించింది న్యాయస్థాన ప్రక్రియను. బ్యాంకు తన కంప్యూటరులో చేసే మినహాయింపు న్యాయస్థాన ప్రక్రియ కాదు. ఖాతాలో పడిన తరువాత అది పింఛను కాదు, కేవలం డిపాజిట్టే అన్న వాదన కూడా బ్యాంకుకు అందుబాటులో ఉంటుంది. ఈ వాదనకు కొంత సమాధానం రాధేశ్యామ్ గుప్తా వర్సెస్ పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసులో (2008) లభిస్తుంది. ఉద్యోగ విరమణ ప్రయోజనాలు చేతికి అందిన తరువాత కూడా తమ స్వభావాన్ని కోల్పోవని, జప్తు నుంచి వాటికున్న రక్షణ కొనసాగుతుందని సుప్రీంకోర్టు అందులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఉద్యోగి పింఛనుకు సంబంధించినది, అదీ డిక్రీ అమలు సందర్భంలోనిది. దానిలోని తర్కాన్ని దివ్యాంగుల పింఛనుకు, బ్యాంకు సర్దుబాటుకు విస్తరింపజేయవచ్చు. కాని ఆ విస్తరణ జరగాలంటే రూ.6,000 పోగొట్టుకొన్న మనిషి న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి ఉంటుంది.

ఇటువంటి మినహాయింపులు కేవలం సిద్ధాంతపరమైన ప్రమాదం కావు. 2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడిన తరువాత బాధితుల ఖాతాల్లో ప్రభుత్వం వేసిన సహాయధనం నుంచి ఒక బ్యాంకు రుణ వాయిదాలను మినహాయించుకొంది. తీవ్రమైన విమర్శలు రావడంతో ఆ సొమ్మును తిరిగి జమచేశారు. కేరళ హైకోర్టు కూడా అటువంటి మినహాయింపులను తప్పుపట్టింది. ఆ సందర్భంలో దేశమంతా చూస్తున్నందున న్యాయం త్వరగా జరిగింది. ఒక దివ్యాంగుని ఖాతాలో జరిగే మినహాయింపును అతని కుటుంబం తప్ప మరెవరూ చూడరు.

6. విశాఖ అనుభవం: చేతికి నగదు, ఖాతాకు జమ

ఆంధ్రప్రదేశ్‌లో పింఛనును ప్రతినెలా మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి నగదుగా అందిస్తారు. బ్యాంకు మధ్యలో లేదు. కనుక సర్దుబాటుకు తావులేదు. ఈ పద్ధతిని లబ్ధిదారుల సౌకర్యం కోసం ప్రవేశపెట్టారు. రుణదాతల నుంచి రక్షణ దాని లక్ష్యం కాదు. ఆ రక్షణ యాదృచ్ఛికంగా లభించిన ఫలం. పొరుగున తెలంగాణలో రూ.4,016 దివ్యాంగుల పింఛను బ్యాంకులు, తపాలా కార్యాలయాల ద్వారా చేరుతున్నది. అక్కడ బ్యాంకు ఖాతా ద్వారా తీసుకొనేవారికి ఈ యాదృచ్ఛిక రక్షణ లేదు.

2024 ఎన్నికల సమయంలో ఈ తేడా ఆంధ్రప్రదేశ్‌లోనూ అనుభవానికి వచ్చింది. మే, జూన్ నెలల్లో అధికభాగం పింఛన్లను ఖాతాలకు జమచేశారు. నడవలేనివారికి, దివ్యాంగులకు ఇంటి వద్దే ఇచ్చే ఏర్పాటు కొనసాగించారు. వాడుకలో లేని ఖాతాలు, పాత రుసుముల పేరిట జరిగిన మినహాయింపులు ఆనాటి పత్రికల్లో వార్తలయ్యాయి. ఖాతాలో సొమ్ము పడటం, ఆ సొమ్ము మనిషి చేతికి రావడం ఒకటి కాదని ఆ రెండు నెలలు తెలియజేశాయి.

ఇళ్లకు దూరంగా వసతిగృహాల్లో ఉండి చదివే దివ్యాంగ విద్యార్థుల పింఛనును వారి ఖాతాల్లోనే జమచేసే ఏర్పాటును రాష్ట్రప్రభుత్వం 2025లో తెచ్చింది. ప్రతినెలా పింఛనుకోసం ఊరికి ప్రయాణించే శ్రమ తప్పించిన ఈ మార్పు స్వాగతించదగినది. అయితే విద్యారుణం తీసుకొనే అవకాశం ఎక్కువగా ఉన్నదీ విద్యార్థులకే. చదువు ముగిసిన తరువాత కూడా పింఛను అదే ఖాతాకు, రుణం ఇచ్చిన బ్యాంకుకే వస్తుంటే, ఐదవ భాగంలో చెప్పిన ఖాళీ వారికి ఎదురవుతుంది.

రుణం ఒక బ్యాంకులో, పింఛను మరొక బ్యాంకులో ఉంచుకొంటే చాలదా అన్నది సహజమైన ప్రశ్న. సర్దుబాటు హక్కు ఒకే బ్యాంకులోని ఖాతాలకు పరిమితం కనుక ఇది నేడు అందుబాటులో ఉన్న సులభమైన జాగ్రత్తే. కాని ఇదీ శాశ్వతం కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాయి. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. వేర్వేరు బ్యాంకుల్లో ఉన్న రుణఖాతా, పొదుపుఖాతా ఖాతాదారు ప్రమేయం లేకుండానే ఒకే గొడుగు కిందికి వచ్చే వీలుంది.

7. సహరుణగ్రహీత సమస్య

దివ్యాంగుడు విద్యార్థే కానక్కరలేదు. కుమారుని రుణపత్రంపై సంతకం చేసిన నాటికి ఆరోగ్యంగా ఉన్న ఒప్పంద కార్మికుడు తరువాత ప్రమాదంలో కాలు కోల్పోవచ్చు. చట్టం దృష్టిలో సహరుణగ్రహీత కూడా పూర్తి రుణగ్రహీతే. కుమారుడు వాయిదా తప్పితే తండ్రి ఖాతా కూడా బకాయికి అందుబాటులోకి వస్తుంది. కార్మిక రాజ్యబీమా కింద అతనికి వచ్చే వైకల్య ప్రయోజనాన్ని జప్తు చేయడం కుదరదు. కాని ఆ సొమ్ము రుణం ఇచ్చిన బ్యాంకులోని ఖాతాలో పడితే పైన చెప్పిన వివాదమే తలెత్తుతుంది. రుణగ్రహీతకు శాశ్వత వైకల్యం సంభవిస్తే బాకీ దానంతటదే రద్దయ్యే నిబంధన నమూనా విద్యారుణ పథకంలో లేదు.

8. అమెరికా అనుభవంతో పోలిక

అమెరికాలో ఫెడరల్ విద్యారుణానికి రుణదాత ప్రభుత్వమే. వైకల్య బీమా భృతి చెల్లించేదీ ప్రభుత్వమే. అందువల్ల 1996 నాటి రుణ వసూళ్ల మెరుగుదల చట్టం కింద బకాయిదారుని భృతి నుంచి 15 శాతం వరకు ఖజానాయే మినహాయించుకొనే అధికారం ఏర్పడింది. అయితే నెలకు మొదటి 750 డాలర్లను తాకరాదు. నిరుపేదలకిచ్చే అనుబంధ భృతికి పూర్తి మినహాయింపు ఉంది. పదేళ్లు దాటిన విద్యారుణానికి సైతం ఇటువంటి మినహాయింపు చెల్లుతుందని 2005లో లాక్‌హార్ట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మరోవైపు పూర్తి, శాశ్వత వైకల్యం ఉన్నవారి రుణాన్ని రద్దుచేసే నిబంధన కూడా అక్కడ ఉంది. 2021లో, సామాజిక భద్రతా శాఖ సమాచారం ఆధారంగా, దరఖాస్తు లేకుండానే 3 లక్షల మందికి పైగా రుణగ్రహీతల బాకీలు రద్దుచేయాలని అక్కడి విద్యాశాఖ నిర్ణయించింది.

ఈ పోలిక ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. అక్కడ భృతిని తాకే అధికారం ఉంది, దానికి పరిమితీ రాతపూర్వకంగా ఉంది. ఇక్కడ రుణం బ్యాంకుది, పింఛను ప్రభుత్వానిది. కనుక ఖజానా నుంచి నేరుగా కోత ఉండదు. కాని ఖాతాలో పడిన తరువాత ఎంతవరకు తాకరాదో చెప్పే గీత కూడా లేదు.

9. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. విద్యారుణం పింఛను అర్హతను రద్దుచేయదు. కాని ఆదాయ గణనలో వాయిదాను పరిగణించనందువల్ల, చదివి చిన్న ఉద్యోగంలో చేరిన దివ్యాంగునికి పింఛను పోవడం, వాయిదా మొదలవడం ఏకకాలంలో జరుగుతాయి.

2. దివ్యాంగుల పింఛనుకు న్యాయస్థాన జప్తు నుంచి 1871 చట్టం రక్షణ కల్పిస్తుంది. బ్యాంకు సర్దుబాటు గురించి ఆ చట్టంలో ప్రస్తావన లేదు.

3. ఆంధ్రప్రదేశ్‌లో నేడున్న రక్షణ నగదు పంపిణీ పద్ధతి వల్ల కలిగినది. పంపిణీ పద్ధతి మారితే రక్షణా మారుతుంది.

4. రుణం లేని బ్యాంకులో పింఛను ఖాతా ఉంచుకోవడం, ఉద్యోగం లేని కాలానికి వాయిదా విరామాన్ని రాతపూర్వకంగా కోరడం తక్షణ జాగ్రత్తలు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను కింద దివ్యాంగులు ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

ఈ ఖాళీని పూరించడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు. ‘ఏ బాకీనీ దీనిపై సర్దుబాటు చేసుకోరాదు’ అన్న భావాన్ని గాయపడిన కార్మికుని పరిహారం విషయంలో మన శాసనాలు 1923లోనే అంగీకరించాయి. ఓడరేవులో చేయి కోల్పోయిన కూలీకి చెల్లిన ఆ మాట, అదే నగరంలో చేయి లేకుండా పుట్టి పట్టభద్రురాలైన యువతికి చెల్లకపోవడానికి హేతువు కనిపించదు. పింఛను మంజూరు ఉత్తర్వుల్లో ఆ ఒక్క వాక్యాన్ని చేర్చి, బ్యాంకులకు తెలియజేయడం రాష్ట్రప్రభుత్వం చేయగల పని. దివ్యాంగ విద్యార్థుల పింఛను ఖాతాలకు మారుతున్న ఈ దశలోనే అది జరగవలసి ఉంది.